ఐదుకు ఆరు

గీతలు మరీ సమంగా ఉండడమే సతుర్నీనా చేసిన తప్పు. వంకరగా ఉండుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. వంకర గీతలకు ఏ విశ్వవిద్యాలయంలోనూ కొదవ లేదు.

మంగళవారం పొద్దున లీమా నుంచి ఒక కవరు వచ్చింది. కుస్కోలో మా ఔషధశాస్త్ర విభాగానికి కొత్తగా అధిపతి అయిన డాక్టర్ ఎలియాస్ బెర్రియో దాన్ని అందరి ముందూ చింపాడు. మార్చిలో రిటైరైన ముసలి ప్రొఫెసర్ యేపెస్, పోతూ పోతూ ఒక పత్రికకు పంపిన వ్యాసం అది. కడుపునొప్పికి మా వాళ్లు కాచి తాగే మున్యా ఆకు, పేగు బిగింపును ఎంతవరకు సడలిస్తుందో లెక్కగట్టిన వ్యాసం. దాన్ని తిప్పి పంపుతూ ఎవరో పెద్దమనిషి ఎర్ర సిరాతో నాలుగు ముక్కలు రాశారు. వ్యాసంలోని గీతల శిఖరాలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయట. ప్రాణమున్న కండరం ఇంత బుద్ధిగా నడుచుకోదట. మసి కాగితం మీద ఎవరో గుండుసూదితో చేత్తో గీశారేమోనని అనుమానమట.

బెర్రియో ఆ ముక్కలు రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు కళ్లజోడు మీదుగా సతుర్నీనా వైపు చూశాడు.

ఆ గీతలు పట్టింది ఆమే. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో పేగు వేలాడదీసేదీ, కాగితానికి మసి పట్టించేదీ ఆమే. ఉద్యోగం పేరు ప్రయోగశాల సహాయకురాలు. అందరూ మర్యాదగా, ముద్దుగా పిలిచేది దోన్యా సతూకా అని. పొట్టి మనిషి, యాభై దాటాయి, రెండు జడలు వీపు మీద ఒకదానికొకటి ముడేసి ఉంటాయి. పని చేసేటప్పుడు వాటిని తెల్లకోటు లోపలికి దోపుకుంటుంది. బెర్రియో చూపు తగలగానే ఆమె చేతిలో ఉన్న సీసా మూత బిగించి, అరమీద పెట్టింది.

బెర్రియో చెడ్డవాడు కాదు. ముప్పై అయిదేళ్లవాడు, లీమాలో చదివినవాడు, మంచి పేరు రావాలని ఆత్రం ఉన్నవాడు. తను వచ్చిన మూడో నెలలోనే విభాగం మీద దొంగ లెక్కల మచ్చ పడితే ఎలాగని అతని భయం. భయపడ్డ మనిషి చేసే పనే అతనూ చేశాడు. గది తాళంచెవులూ, కుయ్‌లను, అంటే గినీ పందులను, ఉంచే పంజరాల గది తాళంచెవీ ఆమె దగ్గర్నుంచి తీసుకున్నాడు. విషయం తేలేదాకా గాజుసామాను కడిగే పని చూడమన్నాడు. శుక్రవారం లీమా నుంచి డాక్టర్ ఒర్తెన్సియా లారాబురె వస్తున్నారనీ, ఆవిడ ఎదుట మళ్లీ గీతలు పట్టి చూపించాలనీ చెప్పాడు. గీతలు నిజమని తేలితే సరే. తేలకపోతే బీరువాలోని పంతొమ్మిదేళ్ల కాగితాల చుట్టలన్నీ చెత్తలోకి పోతాయి. ఆమె ఉద్యోగం కడుగుడు పనికి మారుతుంది.

"నా చేతుల్లో ఏం లేదు దోన్యా సతూకా. మీరు తప్పుగా అనుకోవద్దు," అన్నాడు చివర్లో.

"చేతుల గురించే కద డాక్టర్ మాట వచ్చింది," అంది ఆమె. అని సింకు దగ్గరకు వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె గాజుసామాను కడిగింది. కడగడం ఆమెకు చిన్నతనమేమీ కాదు. ఇన్నాళ్లూ ఆ పనీ తనే చేసుకునేది, సబ్బు మరక ఒక్కటి మిగిలినా పేగు అలుగుతుందని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కానీ తనకు తెలిసి కడగడం వేరు, తనను కడగమనడం వేరు. గొట్టాలు నీళ్లలో ముంచి తీస్తుంటే మనసు కలుక్కుమంటూనే ఉంది. విద్యార్థులు ఊరుకోలేదు. అందులో ఒకడు, దోన్యా సతూకా వాళ్ల పిన్ని కుయ్ పొట్ట కోసి రోగాలు చెబుతుంది కదా, ఈవిడకు కూడా పేగు చూస్తే గీతలు ముందే కనిపిస్తాయేమో అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా కొంచెం నవ్వింది. పిన్ని సంగతి నిజమే. ఒళ్లు బాగాలేనివాళ్ల మీద కుయ్‌ను రుద్ది, తర్వాత దాన్ని కోసి ఏ అవయవం చెడిందో చెప్పడం మా కొండల్లో చాలామందికి జీవనాధారం. సతుర్నీనా ఆ విద్య నేర్చుకోలేదు. చిన్నప్పుడు పిన్ని పక్కన కూర్చుని చూసినందువల్ల ఆమెకు అబ్బింది ఒక్కటే, పేగును నలపకుండా పట్టుకునే వేళ్లు.

బుధవారం మధ్యాహ్నం ఆమె తన కొమాద్రే బ్రిగీదా దగ్గరకు బజారుకు వెళ్లింది. బ్రిగీదా ఆమె కూతురికి జ్ఞానతల్లి. కుయ్‌లు అమ్ముతుంది, నోరు పెద్దది. మర్నాడే కార్పుస్ క్రిస్తి పండుగ. ఊళ్లో పద్నాలుగు గుళ్ల పునీతుల, మరియమ్మల విగ్రహాలు పల్లకీలెక్కి కెథీడ్రల్‌కు వచ్చే రోజు, ప్రతి ఇంట్లోనూ చిరి ఉచు పళ్లెం పెట్టుకునే రోజు. ఆ పళ్లెంలో చల్లారిన కుయ్ వేపుడు లేకపోతే అది పండగే కాదు. అలాంటి వారంలో బతికున్న కుయ్ దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయినా బ్రిగీదా ఏడెనిమిది దాచిపెట్టింది. మగవి, నాలుగేసి వందల గ్రాములవి, ఒక్క అల్ఫాల్ఫా గడ్డి తిని పెరిగినవి. సతుర్నీనా ఒక్కోదాన్నీ త్రాసులో పెట్టి చూసింది. అయిదు గ్రాములు ఎక్కువున్నదాన్ని మార్పించి, ఆరింటిని బుట్టలో వేయించుకుంది.

"నువ్వు కోడలిని వెతుక్కున్నా ఇన్ని పరీక్షలు పెట్టవు," అంది బ్రిగీదా.

"కోడలు తేడాగా ఉన్నా గీతలు చెడవు కద కొమాద్రే," అంది సతుర్నీనా.

సాయంత్రానికి బుట్ట విభాగానికి చేరింది. పంజరాల గదికి తాళం. తాళంచెవి బెర్రియో జేబులో ఉంది. బెర్రియో పరీక్షకు మందు సీసాలు సిద్ధం చేయడానికి లోపలి గదిలో తలుపు గడియ వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ తట్టొద్దని చెప్పాడు కూడా. సతుర్నీనా కాసేపు వసారాలో నిలబడింది. ఆఖరికి బుట్టను కార్యదర్శి సెన్యోరిత ఎడెల్మీరా బల్ల కింద పెట్టి, గుప్పెడు గడ్డి వేసి, డాక్టర్‌కు చెప్పమని ఒక చీటీ బుట్టకు గుచ్చి ఇంటికి వెళ్లింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉండి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

గురువారం ఊరేగింపు అయ్యాక, ప్రతి ఏడూ లాగే విభాగం పెరట్లో బల్లలు వేశారు. సెన్యోరిత ఎడెల్మీరా ఆ భోజనానికి పెద్దదిక్కు. నెల ముందే ఎవరేం తేవాలో జాబితా రాసేస్తుంది. పళ్లేలు వచ్చాయి. మొక్కజొన్న పేలాలు, జున్ను, ఎండు మాంసం, చేపగుడ్లు, సముద్రపు నాచు, పైన రొకోతో మిరప ముక్క, అన్నిటి మీదా బోర్లా పడుకున్న కుయ్. లోపల వకతాయ్ ఆకు కూరి, రొట్టెల బట్టీలో కాల్చారు. చర్మం పెళపెళలాడుతోంది. సతుర్నీనాకు ఆకలిగా ఉంది. పొద్దుట్నుంచి సాన్ సెబాస్తియాన్ పల్లకీ వెనకాల నడిచి వచ్చింది. ఎండ హాయిగా ఉంది, బ్యాండు ఇంకా దూరంగా మోగుతూనే ఉంది. రెండు రోజుల బాధ కాస్త సర్దుకుంది. ఒక తొడ విరిచి నోట్లో పెట్టుకుంది. చాలా రుచిగా ఉంది.

అప్పుడామె పక్క పళ్లెం చూసింది. తర్వాత ఎదుటి పళ్లెం చూసింది. బల్ల పొడుగునా మొత్తం ఆరు పెద్ద పళ్లేలు. పండగ కుయ్‌లంటే ఒకటి పెద్దది, ఒకటి పిల్ల, ఒకటి ముసలిది, అలా ఉంటాయి. ఇవి మాత్రం ఆరూ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఒకటే పొడుగు, ఒకటే లావు. అంత సమంగా ఉన్న కుయ్‌లను ఈ ఊళ్లో ఏరేవాళ్లు ఒక్కరే ఉన్నారు.

ఆమె నమలడం ఆపింది.

సంగతి తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎడెల్మీరా చెప్పిన కుయ్‌ల వర్తకుడు కిందటి రోజు మొహం చాటేశాడట. పాపం ఆవిడ దిగులుపడి బల్ల దగ్గర కూర్చోగానే, కాళ్ల దగ్గర బుట్టలోంచి కుయ్ కుయ్ మని వినబడిందట. సాన్ క్రిస్తోబాలే పంపాడనుకుని దండం పెట్టుకుని, నేరుగా బట్టీకి పంపించింది. చీటీ గడ్డితో పాటు కుయ్‌లే తినేసినట్టున్నాయి. బెర్రియో అప్పటికే తన వాటా పూర్తి చేసి వేళ్లు తుడుచుకుంటున్నాడు. విషయం విని అతని మొహం పాలిపోయింది. ఎడెల్మీరా చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో మొదట కిసుక్కుమన్నారు. ఇక ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. విభాగమంతా కలిసి ప్రయోగాన్ని తినేసిందని ఆ ఏడాదంతా ఊళ్లో చెప్పుకున్నారు.

సతుర్నీనా నవ్వలేదు. రేపు ఎవరూ నమ్మరు అనుకుంది. పరీక్ష తప్పించుకోవడానికి తనే చేయించిందని కూడా అనగలరు. పళ్లెంలో మిగిలింది మాత్రం వదల్లేదు. వృథా చేసే అలవాటు ఆమెకు లేదు. తింటూ తింటూ ఆలోచించింది. ఊళ్లో బతికున్న కుయ్ ఎక్కడుందో ఆమెకు తెలుసు.

శుక్రవారం ఎనిమిదింటికల్లా డాక్టర్ లారాబురె వచ్చేసింది. అరవై ఏళ్ల పొడుగాటి మనిషి, పొట్టి జుట్టు, మగవాళ్ల గడియారం. కొండ ఎత్తుకు ఊపిరాడక కోకా ఆకు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఉంది. బెర్రియో ఆవిడకు కుయ్‌ల సంగతి చెప్పి, పరీక్షను సోమవారానికి వాయిదా వేద్దామన్నాడు. ఆవిడ శనివారం పొద్దున విమానానికి తిరిగి వెళ్లిపోవాలట. ఇద్దరూ అలా మాట్లాడుకుంటూ ఉండగా సతుర్నీనా వీపు మీద రంగుల దుప్పటి మూటతో లోపలికి వచ్చింది. మూట విప్పి బల్ల మీద పెట్టింది. లోపల ఒక ముసలి మగ కుయ్ ఉంది. మట్టిరంగుది, బాగా కొవ్వెక్కినది. ఒక చెవి చిరిగి ఉంది. ఆమె వంటింట్లో పొయ్యి కింద నాలుగేళ్లుగా తిరుగుతూ, ఇంట్లో ఉన్న కుయ్‌లన్నిటికీ తండ్రి అయినవాడు.

బెర్రియో ఒప్పుకోలేదు. బంగాళదుంప తొక్కలూ, క్యాబేజీ ఆకులూ తిని పెరిగిన జంతువు, వయసు తెలియదు, బరువు రెట్టింపు, దీంతో శాస్త్రం ఎలా చేస్తామన్నాడు. డాక్టర్ లారాబురె గ్లాసు కింద పెట్టి కుయ్‌ను చూసింది, తర్వాత సతుర్నీనాను చూసింది.

"ఏమంటారు దోన్యా? ఇది పనికొస్తుందా?"

"సోమరిది డాక్టరమ్మా. లేవడానికి టైం పడద్ది. లేచినాక బాగానే పనిచేస్తది," అంది సతుర్నీనా.

"సరే. ఇంకో మాట. ఎర్ర సిరాతో రాసింది నేనే. మీకు చెప్పకుండా కూర్చోడం నాకు బాగోలేదు."

సతుర్నీనా ఆవిడను తిడతారేమోనని బెర్రియో కంగారుపడ్డాడు. ఆమె మాత్రం ఆ కుర్చీ కాదు, ఈ కుర్చీలో కూర్చోండి, గీతలు పడే డ్రమ్ము ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుందని చెప్పి, జడలు కోటు లోపలికి దోపుకుంది.

మొదట ఉప్పునీళ్లు కలిపింది. ఒంట్లో రక్తానికి ఏమేం కావాలో అవన్నీ ఆ నీళ్లలో ఉండాలి. కాల్షియం ఉప్పు మాత్రం చివర్న, మిగతావన్నీ కరిగి, నీళ్లు కదులుతుండగా చుక్కచుక్కగా పొయ్యాలి. తొందరపడితే నీళ్లు పాలలా విరుగుతాయి. ఇక పేగు కదలనే కదలదు. నీళ్లు ముంజేతి మీద పోసుకుని వెచ్చదనం చూసుకుంది. థర్మామీటరు పెట్టి బెర్రియో చూశాడు. ముప్పై ఏడు. తర్వాత గుండ్రంగా తిరిగే డ్రమ్ముకు నునుపు కాగితం చుట్టి, కిరోసిన్ దీపం పొగ మీద దాన్ని మెల్లగా తిప్పింది. కాగితం ఎక్కడా దట్టం కాకుండా, ఎక్కడా పలచన కాకుండా నల్లబడింది.

అప్పుడు కుయ్‌ను ఒళ్లోకి తీసుకుంది. దాని కళ్ల మీద అరచెయ్యి కప్పి, క్షమించమని తన కొండభాష కెచువాలో ఒక్క మాట అంది. మెడ వెనక ఒక్క దెబ్బ, అంతే. నాలుగేళ్లు ఇంట్లో తిరిగినవాడు. ఆమె కళ్లు చెమర్చాయి. చేతులు మాత్రం ఆగలేదు. పొట్ట తెరిచి, చిన్నపేగు చివరి భాగం వెతికి పట్టుకుంది. పెద్దపేగుకు ఆనుకున్న జానెడు వదిలేసి, దాని పైనుంచి రెండంగుళాల ముక్క కోసింది. లోపలి మలినాన్ని ఉప్పునీళ్లతో కడిగింది. గొట్టంతో ఊదకుండా, వేలితో నొక్కకుండా, నీళ్లు వాటంతటవే జారేట్టు వంచి కడిగింది. రెండు చివర్లా రెండు దారాలు కట్టింది. ఒక దారం ఉప్పునీళ్లు నింపిన గాజుగొట్టం అడుగున కొక్కేనికి, రెండోది పైనున్న తేలికపాటి మీటకు. మీట చివరి మొన మసి కాగితాన్ని తాకీ తాకనట్టు ఆనింది. పేగు ముక్క బిగుసుకుంటే దారం లాగుతుంది, మీట లేస్తుంది, మొన మసిని గీరి తెల్లటి గీత వేస్తుంది. మొత్తం విద్య అంతే. కడుపులో మన ప్రమేయం లేకుండా పనిచేసుకుపోయే నునుపు కండరాన్ని బయటకు తెచ్చి మాట్లాడించడానికి మనుషులు కనిపెట్టింది ఇంతకన్నా పెద్దదేమీ కాదు.

బెర్రియో రెండు చిన్న సీసాలు తెచ్చి పెట్టాడు. ఒకదానికి తెల్లదారం, ఒకదానికి ఎర్రదారం. రెండింట్లోనూ పేగును బిగించే హిస్టమిన్ మందే ఉంది. కానీ ఏది ఎంత ఘాటో తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ లెక్క కవర్లో పెట్టి, అంటించి, డాక్టర్ లారాబురె చేతికిచ్చాడు. ఎర్రసీసాలో ఒక పాలు, తెల్లసీసాలో ఎన్ని పాళ్లకు సమానమో సతుర్నీనా గీతలతో చెప్పాలి.

పేగు లేవలేదు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. గాజుగొట్టంలో గాలిబుడగలు వరసగా పైకొస్తున్నాయి. ముక్క మాత్రం తడిసిన గుడ్డపీలికలా వేలాడుతోంది. మందు వేసి చూస్తే మీట ఇంత లేచి కూలబడింది. బెర్రియో గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. ఇంకో ముక్క కోద్దామన్నాడు, బరువు మారుద్దామన్నాడు, గాలి పెంచుదామన్నాడు. సతుర్నీనా తల అడ్డంగా ఊపింది. ఆమెకు ఆ సమయం ఎప్పుడూ ఇష్టమే. చేయాల్సినవన్నీ చేసేశాక, ఇక చేయకూడనివి చేయకుండా ఉండడమే పని. స్టూలు మీద కూర్చుని నీళ్లు మార్చింది, కూర్చుంది, మళ్లీ మార్చింది. కిటికీలోంచి ఎండ వచ్చి ఆమె ఒళ్లో పడింది. తన గదిలో తన స్టూలు మీద కూర్చున్నందుకే ఆమెకు ఎంతో నిమ్మళంగా ఉంది. పరీక్ష సంగతి కాసేపు మరిచిపోయింది కూడా. డాక్టర్ లారాబురె తన కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. లీమాలో మా పిల్లలకు ఇదొక్కటీ నేర్పలేకపోతున్నాను, అంది ఎవరితోనో అన్నట్టు.

గంటంపావు గడిచాక ముసలివాడి పేగు లేచింది. మందు పడగానే మీట నిదానంగా, గట్టిగా పైకెగసి నిలబడింది.

అక్కడ్నుంచి సతుర్నీనా పెదాలు కదలడం మొదలైంది. మందు వేస్తుంది, డ్రమ్ము వదుల్తుంది, పెదాలు కదుల్తాయి. డ్రమ్ము ఆపుతుంది, పాత నీళ్లు వదిలి కొత్త నీళ్లు పోస్తుంది, పెదాలు కదుల్తూనే ఉంటాయి. మళ్లీ మందు. డాక్టర్ లారాబురె వంగి విన్నది. కెచువాలో, మరియమ్మను తలిచే మంగళవార్త జపం. రెండు జపాలకు మందు పేగు మీద ఉంటుంది, ఆ పైన పది జపాలు విశ్రాంతి. ఆవిడ మణికట్టు గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుంది. మందు ముప్పై సెకన్లు. ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య మూడు నిమిషాలు. మొదటిసారీ అంతే, అయిదోసారీ అంతే, పదోసారీ అంతే.

"గడియారం ఎందుకు చూడరు?" అని అడిగింది ఆవిడ.

"గడియారం చూస్తే మీట వంక చూళ్లేను కద డాక్టరమ్మా. నోరు ఖాళీయే."

బెర్రియో ఈ మూడు నెలల్లో పక్క గదిలో తను పట్టిన గీతలు గుర్తు తెచ్చుకున్నాడేమో, చెవులు ఎర్రబడ్డాయి. అతను మీట కిందికి దిగినట్టు కనిపించగానే మందు వేసేవాడు. ఒక్కోసారి రెండు నిమిషాలకు, ఒక్కోసారి నాలుగుకు. పేగుకు ఎంత తీరిక దొరికితే అంత ఎగురుతుంది. అతని గీతలు కొండల్లా ఎగుడుదిగుడుగా ఉండేవి, ప్రాణమున్న కండరం అంటే అదే అనుకున్నాడు.

సతుర్నీనా సిరంజిలో తెల్లసీసా మందు ఆరు గీతల మేర తీసి వేసింది. మీట లేచింది. ఎర్రసీసాది మూడు గీతలు వేసింది. మీట దానికి సగం పైచిలుకు లేచింది. నాలుగు వేసింది, ఇంకొంచెం లేచింది. అయిదు వేసింది. తెల్లది ఆరుకు ఎంత లేచిందో సరిగ్గా అంతే లేచింది. మార్చి మార్చి వేసింది, తెల్లది ఆరు, ఎర్రది అయిదు, ఎర్రది అయిదు, తెల్లది ఆరు. నల్లటి కాగితం మీద ఎనిమిది శిఖరాలు ఒకే ఎత్తున నిలబడ్డాయి. డాక్టర్ లారాబురె స్కేలు పెట్టి కొలిచింది. ఎనిమిదింటికీ కలిపి వెంట్రుకవాసి తేడా కూడా లేదు. అన్నీ ఆవిడ కళ్ల ముందు, మూరెడు దూరంలో పడ్డాయి.

"ఎర్రది అయిదు పాళ్లు, తెల్లది ఆరు పాళ్లతో సమానం," అంది సతుర్నీనా. "ఎర్రది కొంచెమే ఘాటు. ఐదుకు ఆరు."

బెర్రియో తల అడ్డంగా ఊపాడు. అతని మొహంలో సంతోషమేమీ లేదు, నిజంగా బాధగానే ఉంది. కవరు విప్పమన్నాడు. డాక్టర్ లారాబురె విప్పి చదివింది. ఎర్రసీసా తెల్లదానికి సరిగ్గా రెట్టింపు. అంటే ఎర్రది మూడు, తెల్లది ఆరుకు సమానం కావాలి.

గాలిబుడగల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. సతుర్నీనా బీరువా వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. తర్వాత డ్రమ్ము చూసింది. గీతల మీద ఆమెకు కోపం రాలేదు. అవి ఎప్పుడూ ఆమెతో అబద్ధం చెప్పలేదు. ఎర్రది మూడు గీతలు మళ్లీ తీసి వేసింది, రెండు జపాలు చెప్పింది. మీట ఇందాకటి లాగే సగం పైచిలుకు లేచి ఆగింది. అయిదు వేసింది. పూర్తిగా లేచింది.

"పేగు పొరపాటు పడుతుందా దోన్యా సతూకా?" అన్నాడు బెర్రియో. నెమ్మదిగానే అడిగాడు.

"పడదు డాక్టర్. ఐదుకు ఆరే."

"నేను స్వయంగా తూచి కలిపాను."

"నాకు గీయడమే వస్తే, రెట్టింపే గీసి ఉండేదాన్ని కద. మీరు రెట్టింపు అంటారని ఎవరైనా అనుకుంటారు. ఐదుకు ఆరు అని ఎవరు గీస్తారు?"

డాక్టర్ లారాబురె చటుక్కున తలెత్తింది. బెర్రియో వైపు తిరిగింది. బెర్రియో ఎర్రసీసాను వెలుగుకు పట్టి చూశాడు. తర్వాత లోపలి గదిలోకి వెళ్లాడు. మందుల బీరువా తలుపు తీసిన చప్పుడైంది. ఎంతసేపటికీ రాలేదు.

వచ్చేటప్పుడు అతని చేతుల్లో రెండు గోధుమరంగు సీసాలున్నాయి. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకే కంపెనీ, ఒకే సైజు, రెండింటి మీదా పెద్ద అక్షరాలతో హిస్టమిన్ అనే ఉంది. ఒకటి అడుగంటి ఉంది, రెండోది కొత్తగా తెరిచింది.

"తెల్లసీసాకి పాతదాంట్లోది వాడాను. ఎర్రదానికి సరిపోలేదు. కొత్తది తెరిచాను," అన్నాడు. అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేదు. చిన్న అక్షరాలు పైకి చదివాడు. అసలు మందుకు ఒక్కో ఆమ్లం కలిపి చేసిన ఉప్పులవి, మొదటిది ఒక రకం ఉప్పు, రెండోది ఇంకో రకం ఉప్పు. "ఉప్పు మారిందని నేను చూడలేదు. రెండూ ఒకటే అనుకుని రెట్టింపు తూచాను."

డాక్టర్ లారాబురె కవరు వెనక లెక్క వేసింది. పాతదాంట్లో పది పాళ్లకు ఆరు పాళ్లు అసలు మందు. కొత్తదాంట్లో ఎక్కువ భాగం ఆమ్లం బరువే, అసలు మందు మూడున్నర పాళ్లు, కాస్త పైన. దాన్ని రెట్టించి, వచ్చిన ఏడూ చిల్లరను ఆరుతో పోల్చింది. పెన్సిలు కింద పెట్టి కవరును బెర్రియో వైపు తిప్పింది. ఐదుకు ఆరు.

"నేను ముప్పై ఏళ్లుగా ఈ గీతలు చూస్తున్నాను," అంది ఆవిడ సతుర్నీనాతో. "సమంగా ఉంటే అబద్ధం అనుకునేదాకా వచ్చాను. నా దగ్గర ఎవరూ సమంగా పట్టకపోవడం వల్ల వచ్చిన జబ్బు అది. వ్యాసం అచ్చవుతుంది. ఆ మాట ఈరోజే రాసి ఇస్తాను."

సతుర్నీనా స్టూలు మీద కూర్చుంది. మనసు తేలికపడింది, చాలా తేలికపడింది. డాక్టరమ్మా, టీ చల్లారింది, ఇంకోటి తెమ్మంటారా అని అడిగింది. బెర్రియో జేబులోంచి తాళంచెవులు తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. క్షమించమని నోటితో అనలేకపోయాడు. ఆ మాట కెచువాలో ఎలా అనాలో మాత్రం అడిగాడు. ఆమె చెప్పింది. అతను అన్నాడు. యాస ఘోరంగా ఉంది, ఆమె సరిదిద్దింది.

ఇక కాగితాన్ని డ్రమ్ము మీద నుంచి తీసి, మసి రాలకుండా లక్క నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ముంచే ముందు ఒక మూలన తేదీ, మందు పేరు, చేసినవారి పేరు సూదితో గీరి రాయడం మా గదిలో ఆనవాయితీ. పంతొమ్మిదేళ్లుగా రాసింది ప్రొఫెసర్ యేపెస్. ఆయన లేనినాడు ఆయన కింది డాక్టర్. సతుర్నీనా అలవాటు ప్రకారం కాగితాన్ని రెండు అంచులా పట్టుకుని బెర్రియో ముందు నిలబడింది. అతను తేదీ రాశాడు. రెండు ఉప్పుల పేర్లూ పూర్తిగా రాశాడు, తన తప్పు దాగకుండా. తర్వాత కాగితాన్ని తను పట్టుకుని, సూదిని ఆమెకు ఇచ్చాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి కోటుకు తుడుచుకుంది. సతుర్నీనా వామంతీకా అని రాసింది. అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి. చివరి అక్షరం అంచు దాటబోయి ఆగింది.

డాక్టర్ లారాబురె కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

"ఇది మాత్రం చేత్తో గీసిందే," అంది.

సతుర్నీనా పకపకా నవ్వింది. నవ్వుతూనే కాగితాన్ని లక్క నీళ్లలో ముంచి తీసి, దండెం మీద ఆరేసింది.